బొమ్మలో నేలమీద ఉన్నవాడు

ముందే చెప్పేస్తున్నాను, మా అమ్మ కాలు ఉంది. కుడికాలి చివరి రెండు వేళ్ళు పోయాయి గాని, కాలు ఉంది. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో. కూరగాయల కొట్టాయనకి చెప్పాను, ఎదురింటి మలాయ్ ఆవిడకి చెప్పాను, ఇంకెవరికో చెయ్యబోయి నాకు ఫోన్ చేసిన మనిషికి కూడా చెప్పబోయి నాలిక కరుచుకున్నాను. చెప్పిన ప్రతిసారీ ఊపిరి ఇంకాస్త సాఫీగా ఆడుతుంది. అందుకే ఆఖరిదాకా దాచుకోకుండా ఇక్కడే చెప్పేశాను. చదివేవాళ్ళు కూడా హాయిగా కూర్చుని చదవచ్చు.

ఈ సంగతిలో ఒక బొమ్మ ఉంది. నేను ముప్పై ఏళ్ళు బళ్ళో డ్రాయింగ్ టీచర్ని. రిటైరయ్యాక కూడా గోడమీద బొమ్మ కనిపిస్తే చాలు, అడిగినా అడక్కపోయినా దాని ముందు నిలబడి పాఠం చెప్పేస్తాను. మా అమ్మ దీన్ని నా జబ్బుల్లో ఒకటిగా జమకడుతుంది.

మేముండేది మలేషియాలోని బంటింగ్‌లో. ఇంట్లో నేనూ అమ్మే. బస్సులు ఆగే చోటికి కాస్త అవతల, కొట్ల వరసలో మా డాక్టరమ్మ క్లినిక్కు ఉంది. ఆవిడ తమిళ క్రైస్తవురాలు, నా ఈడుదే. ఒకసారి యూరప్ యాత్రకి వెళ్ళి ఒక బొమ్మ కొనుక్కొచ్చి, అద్దం కట్టించి, కట్లు కట్టే గదిలో పెట్టింది. అసలు బొమ్మ ఐదొందల ఏళ్ళ కిందట, రినైసాన్స్ కాలంలో వేసింది, ఇది దాని అచ్చు. ఎక్కువ ఎత్తులో మేకు కొట్టించడానికి గోడ ఒప్పుకోలేదో ఏమో, దాన్ని బాగా కిందికి తగిలించింది.

ఆ బొమ్మ ఇద్దరు సాధువుల జీవితంలోని ఒక ఘట్టం. అన్నదమ్ములు, ఇద్దరూ వైద్యులు, రోగుల దగ్గర పైసా పుచ్చుకునేవాళ్ళు కాదట. ఒక భక్తుడికి కాలు కుళ్ళిపోతే, అతను నిద్రపోతుండగా ఇద్దరూ వచ్చి, పాడైన కాలు తీసేసి, వేరే మనిషి కాలు తెచ్చి అతికించారని కథ. బొమ్మకి నడిమధ్య మంచం, దానిమీద తెల్లటి దుప్పటి, దుప్పటిమీద కళ్ళు మూసుకుని రోగి. అటొకరు ఇటొకరు ఎర్రటి పొడుగు చొక్కాల్లో అన్నదమ్ములు. తలల వెనక బంగారు రంగు చక్రాలు. దుప్పటిలోంచి బయటికొచ్చిన రెండు కాళ్ళలో ఒకటి తెల్లది, ఒకటి నల్లది. జ్వరానికీ దగ్గుకీ వెళ్ళినప్పుడల్లా చూసి, చాలా బాగా తెలిసిన బొమ్మ అనుకున్నాను.

ఇక కాలు సంగతి. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు, షుగరు ఇరవై ఏళ్ళ నించీ ఉంది. పాదాలు జాగ్రత్త, పాదాలు జాగ్రత్త అని డాక్టరమ్మ నెత్తీ నోరూ బాదుకుంటూనే ఉంది. నేను క్లాంగ్ పట్నం దాకా వెళ్ళి, షుగరువాళ్ళకని అమ్మే మెత్తటి చెప్పులు, అమ్మ వాడే మలాయ్ మాటలో సెలిపారు, కొనుక్కొచ్చాను. రెండు నెలలు గడిచినా ఆ చెప్పులు కొత్తవిగానే ఉన్నాయి. అడుగున ఒక్క గీత లేదు. అమ్మ ఎంత పొందిగ్గా వాడుకుంటోందో అని మురిసిపోయాను. అంత తెలివిగలదాన్ని.

రోజూ సాయంత్రం అమ్మ గుడికి నడిచి వెళ్ళేది. అమ్మా వాళ్ళు పుట్టి పెరిగిన రబ్బరు తోటల ఎస్టేటు ఇప్పుడు లేదు. అక్కడ ఫ్యాక్టరీలు, ఇళ్ళు వచ్చాయి. అమ్మవారి గుడి ఒక్కటి, రేకుల షెడ్డు, పామాయిల్ చెట్ల అంచున మిగిలింది. మా ఇంటి నించి అరగంట నడక. చెప్పులేసుకుని గేటు దాటేది. నేను లోపలికి రాగానే వాటిని విప్పి, ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని, ఎండకి కాలిన తారు మీదా, గులకరాళ్ళ మీదా ఉత్త కాళ్ళతో నడిచేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మా ఇళ్ళల్లో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం కదా, లోపల ఉత్త కాళ్ళతో తిరిగే మనిషి బయట కూడా అలాగే తిరుగుతోందని ఎవరనుకుంటారు?

ఒక ఉదయం ఇల్లు తుడుస్తుంటే, వంటింటి నించి అమ్మ గది దాకా పసుపుపచ్చటి మరకలు కనిపించాయి. ఒక పాదం మరకలే. అమ్మని కూర్చోబెట్టి కుడికాలు ఎత్తి చూశాను. చిటికెన వేలూ పక్క వేలూ నల్లబడ్డాయి, వాటి కింద రూపాయి కాసంత పుండు. అమ్మ మాత్రం టీ తాగుతోంది.

"నొప్పి లేదా?" అన్నాను.

"నేదు. రాయి గుచ్చుకున్నా నేదు, ముల్లు గుచ్చుకున్నా నేదు. అమ్మోరు నొప్పి తీసేసినాది" అంది. ఆ మాట అన్నప్పుడు ముఖంలో ఎంత వెలుగో!

షుగరు ముదిరితే పాదాల్లో నరాలు చచ్చిపోతాయి. గుచ్చుకున్నది తెలియదు, కాలినది తెలియదు. అది అమ్మవారి దయ అనుకుని, ఆ దయని ఎవరికీ చెప్పకుండా దాచుకుంది మా అమ్మ. నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. ఆ పూట అరవడం తర్వాతకి పెట్టుకున్నాను. కారెక్కించి క్లినిక్కుకి తీసుకుపోయాను.

డాక్టరమ్మ పుండు చూడగానే గ్లోవ్స్ తొడుక్కుంది. అమ్మని ఎత్తు తక్కువ బల్ల మీద పడుకోబెట్టి కడగడం మొదలుపెట్టింది. అమ్మ తల గోడ వైపుంది. బొమ్మ అడుగు అంచు సరిగ్గా అమ్మ కళ్ళకి ఎదురుగా వచ్చింది.

"ఏటే ఈ బొమ్మ?" అంది అమ్మ.

నాకు అదే కావాలి. భయం మరిచిపోవాలంటే పాఠం కంటే మంచి మందు లేదు. మొదలుపెట్టాను. ఆ ఇద్దరి తలలూ, రోగి ముఖమూ కలిపితే త్రిభుజం వస్తుందన్నాను. ఆ కాలపు చిత్రకారులు చూసేవాళ్ళ కన్ను పక్కకి పోకుండా అలా కట్టేసేవాళ్ళన్నాను. ఎరుపు మనల్ని లోపలికి పిలుస్తుంది, తెల్ల దుప్పటి దగ్గర ఆపుతుంది, ఆగిన చోట నల్లకాలు కనబడుతుంది. తల వెనక చక్రం పుణ్యానికి గుర్తు, సాధువు చేతిలో డబ్బా మందుకి గుర్తు, ఆ నల్లకాలు మహిమకి గుర్తు అన్నాను.

"డబ్బా నాకు తెల్దేటి? మా ఎస్టేట్‌లో డ్రెస్సరు సేతిలో అలాటిదే ఉండీది. అన్ని జబ్బులకీ అదే మందు" అంది అమ్మ. ఎస్టేటు ఆసుపత్రిలో కట్లు కట్టే ఉద్యోగిని వాళ్ళు డ్రెస్సరనేవారు. "అదికాదు. కింద పడున్నోడెవులు?"

"కింద ఎవరున్నారు?"

"ఆ మూల సూడు. నేల మీద. ఈడికి ఓ కాలు నేదు."

చూశాను. నా కళ్ళకి ట్యూబులైటు వెలుగు అద్దం మీద పడి, ఆ మూల తెల్లగా మెరుస్తోంది. పక్కకి జరిగితే నిజంగానే మంచం ముందు నేలమీద ఒక నల్లటి మనిషి కనబడ్డాడు. తొడ దగ్గర కట్టు ఉంది, కాలు లేదు. నేను ఏళ్ళ తరబడి చూస్తున్న బొమ్మ. ఆ మనిషిని చూసినట్టే గుర్తు లేదు.

అమ్మకి ఇది అలవాటు. ఏ ఫోటో ఇచ్చినా ముందు కింది మూలలు చూస్తుంది. ఎస్టేటు రోజుల ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. మధ్యలో దొరలు కుర్చీల్లో, వెనక కూలీలని అజమాయిషీ చేసే కంగాణీలు నిలబడి, ముందు కూలివాళ్ళు నేలమీద. ఆ కింది మూలలో మా తాతయ్య ఉన్నాడు. సగమే ఉన్నాడు. మిగతా సగం ఫోటో అంచు అవతల పోయింది. అమ్మ దగ్గర వాళ్ళ నాన్న బొమ్మ అదొక్కటే.

"అతని కాలే తీసి ఈ నిద్రపోతున్నవాడికి పెట్టారు" అని ఒప్పుకున్నాను. "నల్లకాలు వెయ్యకపోతే, కాలు మార్చారని చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? అందుకు."

"బొమ్మలో తెలవడానికి ఈడి కాలు కోసినారా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, తమిళంలో, ఆ మనిషి అప్పటికే చనిపోయాడని కథలో ఉందమ్మా అంది. అమ్మకి తమిళం మాతృభాషంత బాగా వచ్చు.

"సచ్చిపోయినోడు కళ్ళు తెరుసుకునుంటాడేటి, లా?" అంది అమ్మ తెలుగులోనే, చివర మలాయ్‌వాళ్ళ "లా" తగిలించి. "నన్నే సూత్తన్నాడు."

కళ్ళు తెరిచి ఉన్నాయో లేదో నాకు కనబడలేదు. అద్దం మెరుపులే అమ్మా అన్నాను. అమ్మ వినలేదు. "ఈడిని అడిగినారా? అడిగి తీసుకున్నారా, అడక్కుండా తీసుకున్నారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్లాడు కూడా నన్నలాంటిది అడగలేదు.

కట్టు కట్టడం అయ్యాక డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. వేళ్ళు రెండూ ఎలాగూ పోతాయంది. విషం ఎంతదాకా ఎక్కిందో, పాదంలోకి రక్తం వస్తోందో లేదో క్లాంగ్ పెద్దాసుపత్రిలో చూడాలంది. రాకపోతే మోకాలి కింద తీసెయ్యాల్సి ఉంటుంది, ఈరోజే వెళ్ళండి అంది. లోపలికి వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుని "పయపడాదీంగమ్మా" అంది. తమిళంలో, భయపడొద్దని.

కారు క్లాంగ్ రోడ్డెక్కింది. లారీల వెనక ఆగి ఆగి వెళ్తుంటే, ఇక ఉండబట్టలేక అడిగేశాను. ఉత్త కాళ్ళతో నడిచే ఖర్మ ఏం పట్టింది, ఎవరికోసం?

అమ్మ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "నీకు రొమ్ములో గడ్డ వచ్చినాది కదా."

ఆ సంగతి నేను అమ్మకి చెప్పలేదు. అంతకు కొన్ని నెలల ముందు గడ్డ తగిలితే, రిటైరైన టీచర్ల మీటింగని అబద్ధం చెప్పి పరీక్షకి వెళ్ళాను. పది రోజుల తర్వాత, భయపడాల్సిన గడ్డ కాదన్నారు. నేను స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి అన్నం వడ్డించాను. అమ్మకి ఏమీ తెలియదనుకున్నాను.

"ఫోన్లో నువ్వు మాటాడింది ఇన్నాను" అంది. "ఆవేళే అమ్మోరికి మొక్కుకున్నాను. పిల్లకి ఏటీ కాకపోతే నలభై ఎనిమిది దినాలు సెలిపారు నేకుండా నీ గుడికి నడిసొత్తానని. నీకేటీ కానేదు. నడిసినాను."

"నన్ను అడిగావా?" అని అరిచాను. పొద్దున్న తర్వాతకి పెట్టుకున్న అరుపు అది. "నా కోసం నీ కాలు పాడుచేసుకోమని నేను అడిగానా?"

"నువ్వు నాకు సెప్పినావేటి గడ్డ గురించి?"

ముందు లారీ కదిలింది, మేమూ కదిలాం. నాకు కళ్ళముందు రోడ్డు కంటే బొమ్మే ఎక్కువ కనబడుతోంది. ఒకరి దగ్గర తీస్తేగాని ఇంకొకరికి దక్కదన్న లెక్క ఎవరు పెట్టారు? నాకు దేవుడి మీద కోపం, అమ్మ మీద కోపం, అన్నిటికంటే ఆ కొత్త చెప్పుల మీద కోపం. అవి వెనక సీట్లో సంచీలో పడున్నాయి.

ఆసుపత్రిలో పరీక్షలు చేశారు, రక్తం తీశారు, మందు ఎక్కించారు. అమ్మ పక్క మంచం ఆవిడతో మలాయ్‌లో కబుర్లు మొదలెట్టింది. ఆవిడ తన కాలు చూపించి "పొతోంగ్" అంది, కోసేశారని. మోకాలి కింద ఏమీ లేదు. అమ్మ ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, "నాకు పొతోంగ్ సేసేత్తే, ఎవులి కాలో తెచ్చి నాకెట్టొద్దు. సెప్పేత్తన్నాను" అంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అలా ఎవరూ పెట్టరమ్మా అన్నాను. "పెట్టరు గాని, ముందే సెప్పాలి" అంది.

మర్నాడు పొద్దున్న సర్జన్ వచ్చింది. చిన్న వయసు మలాయ్ అమ్మాయి, తల చుట్టూ కప్పుకున్న నీలం తుడుంగ్‌లో ముఖం ఇంకా పసిగా కనబడింది. ఈ పిల్లా కోసేది అనుకున్నాను. రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నులాంటి చిన్న పరికరం తీసి, అమ్మ పాదం మీద జెల్లు రాసి, ఆనించింది. మొదట బరబర చప్పుడే వచ్చింది. కాస్త జరిపింది. ఏమీ లేదు. ఇంకాస్త జరిపింది. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. చీలమండ లోపలి వైపు పెట్టినప్పుడు వినిపించింది. హుష్, హుష్, హుష్.

"ఏటది? కుక్కరేటి?" అంది అమ్మ.

ఆ పిల్ల నా వైపు చూసి నవ్వింది. ఆంటీ, రక్తం బాగానే వస్తోంది, వేళ్ళు తీస్తే చాలు, పాదం ఉంటుంది అంది. నేను మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ఆ చప్పుడు ఇంకోసారి వినిపించమన్నాను. పాపం, విసుక్కోకుండా వినిపించింది. ఆ హుష్ హుష్ కంటే మంచి సంగీతం నేను వినలేదు, ఇకమీదట వినను కూడా.

ఆపరేషన్ గంటలోపే అయిపోయింది. అమ్మ కళ్ళు తెరిచి ముందు దుప్పటి ఎత్తి చూసుకుంది. పాదం ఉంది, కట్టు ఉంది. "ఉన్నాది" అంది. ఉందమ్మా అన్నాను. ఆ తర్వాత కింద క్యాంటీన్‌కి వెళ్ళి రెండు ప్లేట్ల మీ గోరెంగ్, వేయించిన నూడిల్స్, తిన్నాను. ఒకటి తినేసి, సిగ్గు విడిచి రెండోది తెచ్చుకున్నాను. ఎదుటి కుర్చీలో కూర్చున్న ముసలాయన నన్నే చూస్తుంటే, మా అమ్మ కాలు ఉందండీ అని చెప్పాను. ఆయన సంతోషించాడు. అలా మొదలైంది అందరికీ చెప్పడం.

పుండు ఆరడానికి వారాలు పట్టింది. రోజు విడిచి రోజు డాక్టరమ్మ దగ్గరికి కట్టు మార్పించుకోవడానికి వెళ్ళేవాళ్ళం. ఆఖరి కట్టు విప్పే రోజు అమ్మ మా వాకిట్లోని ఎర్ర మందారం ఒకటి కోసి, కాగితంలో చుట్టి తెచ్చింది. పాదం ఆరిపోయింది, ఇక రానక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ కాగితం విప్పి, ఈ పువ్వు బొమ్మ దగ్గర పెట్టొచ్చా అంది. డాక్టరమ్మ ముఖం విప్పారింది. తన సాధువులకి మా అమ్మ పువ్వు పెడుతోందని.

"నాను వంగనేను. నువ్వెట్టు" అని నా చేతికిచ్చింది అమ్మ. "పైన కాదు. కింద, ఆడి దగ్గిర."

డాక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ తల ఊపింది. నేను నేలమీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. అక్కణ్ణించి చూస్తే ట్యూబులైటు మెరుపు అద్దం మీద లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మూల శుభ్రంగా కనిపించింది. అమ్మ చెప్పింది నిజం. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. పైన మంచం మీద నిద్రపోతున్నవాడు మాత్రం ఏమీ ఎరగడు. ఎర్ర చొక్కాలు ఎరగడు, చక్రాలు ఎరగడు, నేలమీద మనిషిని అసలే ఎరగడు. ఎంత హాయిగా నిద్రపోతున్నాడో. ఆ గడ్డ ఏమీ కాదన్న రోజు నించి నేను పోయిన నిద్ర అదే. అమ్మ రోజూ ఎండలో నడిచి వచ్చేసరికి నేను కూలర్ ముందు కునుకుతీస్తూ ఉండేదాన్ని.

పువ్వుని చట్రం అంచులో గుచ్చాను. అక్కడే కూర్చుని, సంచీలోంచి ఆ మెత్తటి చెప్పులు తీసి, అమ్మ పాదం నా ఒళ్ళో పెట్టుకుని, మూడు వేళ్ళు మిగిలిన ఆ పాదానికి తొడిగాను. పట్టీ బిగించాను.

"ఇకమీదట ఏ మొక్కు మొక్కుకున్నా ముందు నన్ను అడగాలి. ఒట్టు వెయ్యి" అన్నాను.

"అడిగితే ఒప్పుకుంటావేటి?"

"ఒప్పుకోను."

"అందుకే అడగనేదు" అంది అమ్మ. నా భుజం మీద చెయ్యి ఆన్చి లేచి నిలబడింది.